ఎవరు ఎవరికి నేర్పాలి?

విశ్వవిద్యాలయం వారు బడిపంతులుకు శిక్షణ ఇవ్వడమంటే పైనుంచి కిందికి జ్ఞానం పోయడమేనని అభ్యుదయవాదుల్లోనూ చాలామంది నమ్మకం. నేనూ అలాగే నమ్మాను. హోషంగాబాద్ ఉదంతం చదివాక ఆ నమ్మకం సడలింది.

1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా సైన్సు బోధించే ప్రయత్నం మొదలైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు వచ్చి అందులో చేరారు. పంతుళ్లు నెలనెలా సమావేశమై, తరగతిలో ఏ పాఠం నిలవలేదో చెప్పేవారు. దాన్నిబట్టి పుస్తకం మారేది. పరీక్షకు పిల్లలు పుస్తకం తెచ్చుకోవచ్చు. (కంఠస్థమే చదువనుకునే మనకు ఇది అపచారంగా తోస్తుంది!) 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది.

పంతులు తప్పు చూపితే పండితుడు తన పుస్తకం దిద్దుకోవడం దయా, బాధ్యతా? దయ అయితే అదీ అధికారమే, కాస్త మెత్తని అధికారం. బాధ్యత అయితేనే ఇద్దరూ ఒకే పనిలోని శ్రామికులౌతారు. హోషంగాబాద్‌లో అది బాధ్యతగానే సాగిందని నా అభిప్రాయం. కాని పనిలో సమానులైనవారు నష్టంలోనూ సమానులేనా? 2002లో రాష్ట్రప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపివేసింది. ఆచార్యుడికి తన ప్రయోగశాల ఎలాగూ ఉంది. పంతులు చేతికి మళ్లీ మామూలు పాఠ్యపుస్తకం వచ్చింది.