ఫరహాబాద్ ఎవరిది?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు దాటితే ఫరహాబాద్ వస్తుంది. అది ఊరు కాదు, నల్లమల అడవిలోకి ఒక గేటు. అక్కడ టికెట్టు తీసుకుని అటవీశాఖ జీపెక్కితే కొండ అంచు దాకా తీసుకుపోతారు. కింద లోయలు, టేకు, వెదురు. అదృష్టముంటే ఒక దుప్పి, ఒక ఎలుగుబంటి కనిపిస్తాయి. ఉర్దూ తెలిసినవాళ్లకు ఆ పేరు వినగానే అర్థం తడుతుంది. ఫరహ్ అంటే ఆనందం. ఆబాద్ అంటే జనం నిండుగా బతికే చోటు. మరి ఎవరి ఆనందం? ఎవరు బతికే చోటు?

ఒకసారి ఆ గేటు దగ్గర జీపు కోసం నిలబడి ఉంటే పక్కనున్న పెద్దమనిషి బోర్డు చదివి, "అడవిలో కూడా వీళ్ల పేరేనా!" అన్నాడు. నేనెవరో ఆయనకు తెలియదు. ఆ మాట మాత్రం నాకు కొత్త కాదు. సాయిబుగా పుట్టినవాడు బడి నుంచి అద్దె ఇంటి దాకా మోసే ప్రశ్నే అది. మీరెప్పుడొచ్చారు? ఎక్కణ్నించి వచ్చారు? తాతముత్తాతలు నల్లగొండలో దూదేకినా, పాలమూరులో మాంసం కొట్టినా జవాబు చెప్పుకోవాల్సిందే. ముందొచ్చినవాళ్లదే నేల అన్నది ఆ ప్రశ్న వెనకున్న న్యాయం.

దీనికి మావాళ్లలో కొందరు చెప్పే జవాబు కూడా నాకు సమ్మతం కాదు. "అవును, మా నిజాం ఏలిన అడవే" అని రొమ్ము విరుస్తారు. ఈ అడవి నిజాములు వేటకు అట్టిపెట్టుకున్నది. 1890లో పాలమూరు ఎవరి పేరున మహబూబ్‌నగర్ అయిందో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుమోసిన పులివేటగాడు. తీస్‌మార్‌ఖాన్ అన్న మాట ఆయన చంపిన పులుల లెక్క మీదే పుట్టిందని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వేటలో దూదేకులవాడికీ, ఫకీరుకీ, రిక్షా తొక్కినవాడి తాతకీ ఏం పాలుంది? పేరులోని భాష మాదే. ఆ ఆనందం మాది కాదు. నవాబుల వైభవాన్ని మా వారసత్వమని నెత్తినెత్తుకుంటే వాళ్ల ఆధిపత్యానికి జవాబుదారీ కూడా మేమే మోయాలి.

ఇక ముందొచ్చినవాళ్లదే నేల అన్న న్యాయాన్ని ఇక్కడే పరీక్షకు పెడదాం. ఆ పేరు పుట్టక ముందు నుంచీ నల్లమలలో చెంచులున్నారు. పెంటల్లో ఉంటూ గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికారు. 1940లో హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి, వాళ్ల మధ్య గడిపి రాసిన పుస్తకం 1943లో వెలువడింది. ఆయన సిఫారసుతో ఆ దశకంలోనే నిజాం ప్రభుత్వం కొంత అడవిని చెంచుల కోసం కేటాయించింది. తర్వాత 1978లో అభయారణ్యం, 1983లో పులుల రక్షణ పథకం వచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు.

ఇక్కడ చెంచును మించి ముందొచ్చినవాడెవడు? మరి జరుగుతున్నదేమిటి? 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినా తన అడవిలో తన హక్కుకు కాగితం చూపించాల్సింది ఆయనే. పులుల చోటు వదిలి బయటికొస్తే కుటుంబానికి 15 లక్షలిస్తామని చెబుతున్నది ఆయనకే. ఇష్టముంటేనే వెళ్లాలంటుంది చట్టం. దవాఖాన అందనివాడి ఇష్టం ఎంతవరకు ఇష్టం? అదే అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం వెతకటానికి 2019లో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనం ఎదురు తిరిగారు. ఆ సెప్టెంబరులో శాసనసభ వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. పులికి చెంచు గుడిసె అడ్డమైతే తవ్వే మిషను అడ్డం కాదా?

చెంచును పొమ్మనేటప్పుడు గుర్తురాని న్యాయం మమ్మల్ని ఎప్పుడొచ్చారని అడిగేటప్పుడే గుర్తొస్తుంది. అందుకే అది న్యాయం కాదు, బలమున్నవాడి చేతిలో కట్టె.

అయితే పులి మాటేమిటి? పులికీ హక్కుంది. అడవికి కాపలా వద్దని నేననను. కలప దొంగలున్నారు, వేటగాళ్లున్నారు. ఇక్కడ మా దీన్‌లోని ఒక మాట నాకు దారి చూపిస్తుంది. అమానత్. ఒకరు నమ్మి మన దగ్గర దాచిన సొత్తు. మిల్కియత్ వేరు, అమానత్ వేరు. నేల అల్లాది, మనిషి దాన్ని భద్రంగా అప్పగించాల్సినవాడు. ఎడారిలో, హిరా కొండ గుహలో మొదలైన దీన్ ఇది. మదీనాకు ప్రవక్త హద్దులు పెట్టి, వాటి లోపల చెట్టు నరకొద్దు, జంతువును వేటాడొద్దన్నారని హదీసులు చెబుతాయి. ఆ హద్దుల లోపలే ఇళ్లున్నాయి, ఖర్జూరపు తోటలున్నాయి. కాపాడటమంటే ఖాళీ చేయించటం కాదు.

ఆ అడవిలోనే సలేశ్వరం ఉంది. చైత్ర పౌర్ణమికి వేలమంది లోయలోకి దిగి, జలపాతం దగ్గరి గుహలో లింగమయ్యను చూసి వస్తారు. పూజారులు చెంచులే. ఆ రోజుల్లో వచ్చినవాళ్లంతా వాళ్లింటికి చుట్టాలు. మిగతా ఏడాది లెక్క తిరగబడుతుంది. టికెట్టు కొన్న మనం హక్కుదారులం, ఇంటాయన అనుమతి అడగాల్సినవాడు.

రేపు ఫరహాబాద్ పేరు మార్చేస్తే నాకు బాధే. నా భాష ఒక బోర్డు మీంచి చెరిగిపోతుంది. కానీ పేరు ఉన్నా, మారినా చెంచుకు జానెడు నేల కలిసిరాదు. అందుకే అడగాల్సిన ప్రశ్న ఎప్పుడొచ్చావని కాదు. వచ్చాక ఈ చోటును ఏం చేశావు, ఇక్కడున్నవాళ్లను ఎట్లా చూశావు అని. ఆ ప్రశ్న నిజాముకూ తగులుతుంది, సర్కారుకూ తగులుతుంది, జీపెక్కిన నాకూ తగులుతుంది. తగలనీ. మా చోటు కోసం లేచే మా నోరు, మాకంటే ఎంతో తక్కువమందైన చెంచుల చోటు కోసం లేవకపోతే, మేం అడుగుతున్నది హక్కు కాదు, వాటా.