చివరిగా ఎవరు చూశారు?

నాన్నకి స్ట్రోక్ వచ్చినప్పుడు అమ్మ ఎదురుగానే ఉంది. కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి జారిపోయింది, మూతి పక్కకి పోయింది. డాక్టర్ అడిగితే టైం నిమిషంతో సహా చెప్పింది. నాలుగేళ్ల తర్వాత అమ్మకి వచ్చినప్పుడు నాన్న లేరు. పాలబ్బాయి ఎంత పిలిచినా పలక్కపోతే పక్కింటివాళ్లు తలుపు పగలగొట్టారు. డాక్టర్ అదే ప్రశ్న నన్నడిగారు: “ఆవిడ చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?” ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో మాట్లాడాను. అంతకుమించి నాకేం తెలుసు?

రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. స్ట్రోక్ మొదలవ్వడం ఎవరూ చూడకపోతే, మనిషి బాగున్నట్టు చివరిగా తెలిసిన టైం నుంచే లెక్క. నాన్నకి ఇచ్చారు. అమ్మకి ఇవ్వలేదు.

డాక్టర్లు రూలు తప్పలేదు. ఇద్దరికీ ఒకటే ప్రశ్న, ఒకటే గడువు. మరి దీన్ని అన్యాయం అనొచ్చా?

ఇది మా ఇంటి సంగతే అయితే దురదృష్టం అని సరిపెట్టుకునేవాణ్ణి. 2008 నుంచి 2018 దాకా వచ్చిన అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక సమీక్షలో, మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకి ఈ మందు అందే ఆడ్స్ 13 శాతం తక్కువ. అంతకు ముందటి సమీక్షలో 30 శాతం. తేడా తగ్గింది గానీ పోలేదు. ఆడవాళ్లకి స్ట్రోక్ సగటున ఎక్కువ వయసులో వస్తుంది. అప్పటికి చాలామంది ఒంటరిగా ఉంటారు. ఇలాంటివన్నీ సర్దుబాటు చేస్తే తేడా కొంత కరగొచ్చు. అప్పుడు “ఇది ఆడా మగా సమస్య కాదు, వయసు సమస్య” అనెయ్యడం తేలిక. ఉద్యోగంలో నేనూ అలాంటి లెక్కలే నమ్ముతాను. కానీ అమ్మని తనకంటే తొమ్మిదేళ్లు పెద్దాయనకిచ్చి పెళ్లి చేశారు. ఆయన్ని చివరిదాకా చూసుకుంది, తర్వాత ఒక్కతే మిగిలింది. లెక్క సర్దుబాటు చేసి పక్కన పెట్టింది సరిగ్గా ఈ జీవితాన్నే.

టైం తెలియని రోగుల్లో ఎమ్మారై చూసి కొందరిని ఎంచుకుని ఈ ఇంజెక్షన్ ఇస్తే మేలు జరుగుతుందని యూరప్‌లో జరిగిన ఒక ట్రయల్ 2018లో చూపించింది. సాక్షి లేకపోతే మెదడునే అడగొచ్చన్నమాట. అమ్మకి ఆ రోజు తీసింది సీటీ ఒక్కటే.

అందరికీ ఒకే ప్రశ్న వెయ్యడం సమానత్వమే అనుకునేవాణ్ణి. జవాబు చెప్పే మనిషి పక్కన ఉన్నవాళ్లకే అది పనికొస్తుందని, ఆ రోజు జవాబు చెప్పలేక నించున్నాక గానీ తెలిసిరాలేదు.