గ్రహణవేళ మన ఆనందము

సూర్యగ్రహణమును చూచి ఆనందించుట తగునా? పట్టపగలు చీకటి కమ్మునప్పుడు భయముతో తల వంచవలసినదే గాని, వేడుకగా చూడవచ్చునా? ఈ ప్రశ్న మనలో కొందరిని కలతపెట్టుచున్నది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన దేశముమీదుగా సాగినది. హైదరాబాదుకు సమీపముననున్న జపాల్-రంగాపురము వేధశాలయు ఆ నీడలోనే యుండెను. ఆ మధ్యాహ్నము మేము కొందరము ఆ ప్రాంతమందలి యొక పొలములో నిలిచితిమి. చింతచెట్టు క్రింద ఆకుల సందులనుండి పడిన వెలుగు మచ్చలన్నియు నెలవంకలాయెను. గాలి చల్లబడెను. పక్షులు గూళ్లకు మరలెను. అంతట సూర్యుడు మరుగై, నల్లని బింబము చుట్టు ముత్యమువంటి కాంతివలయము వెలసెను. అది సుమారు రెండు నిమిషములు నిలిచెను. మాకు నోట మాట రాలేదు.

సూర్యుని వ్యాసము చంద్రుని వ్యాసమునకు ఇంచుమించు 400 రెట్లు. దూరమును ఇంచుమించు అన్ని రెట్లే. అందుచేతనే చిన్న చంద్రుడు పెద్ద సూర్యుని సరిగా కప్పగలుగుచున్నాడు. ఇది తెలిసికొనినకొలది ఆశ్చర్యము పెరుగును. 1868 ఆగస్టు 18న మన గుంటూరులో ఇట్టి గ్రహణమునే చూచిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుని అంచున లేచు జ్వాలలను గ్రహణము లేని దినమునను పరిశీలించు మార్గమును కనుగొనెను. ఆకాశపు గురుతులకు జడియవద్దని యిర్మీయా 10వ అధ్యాయము మనకు బోధించుచున్నది గదా. కావున చూచుటయు ఆనందించుటయు దోషము కాదు.

అయితే ఆనాటి మా ఆనందములో ఒక దోషము కలిసెను. గ్రహణము పూర్తిగా విడువకముందే మేము తిరిగి వచ్చుచుండగా, గర్భిణియైన కోడలిని చీకటిగదిలో నుంచి, గడపయొద్ద కాపు కూర్చున్న యొక అవ్వ కనబడెను. ఆమెను చూచి మేము నవ్వితిమి. ఆమె తల వంచుకొనెను. ఆమె భయము పొరపాటే. అయినను కోడలిమీది ప్రేమచేతనే ఆమె భయపడెను. మాకు తెలిసినది సత్యమే. దానిని గర్వించుటకు వాడుకొంటిమి.

మరల గ్రహణము వచ్చినప్పుడు, సూర్యుని చూచుటకై తయారుచేయబడిన కళ్లద్దములను మన పిల్లలకు మాత్రమే గాక, పొరుగువారి పిల్లలకును ఇత్తము. వట్టి కంటితో చూచిన కన్ను చెడునని మెల్లగా చెప్పుదము. బయటికి రానొల్లని అవ్వ ఉన్నయెడల, తరువాత ఆమె గడపయొద్దనే కూర్చుండి, మనము చూచినదంతయు ఆమెకు వినిపింతము. అట్టి ఆనందమునకు ప్రభువు మనలను సిద్ధపరచును గాక.