తాళం ఎవరి దగ్గర?

మా జి. కొండూరు వైపు మామిడి తోటను పూత మీదే గుత్తకిస్తే ఆ ఏడు చెట్టు మనదే, కాయ మనది కాదు. ఫోన్‌లోంచి కంపెనీల సర్వర్లకు చేరే మన ఫొటోలు, పాటలూ అంతే. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. హక్కు కాగితం మీదుంటే చాలదు, తాళం మన చేతిలో ఉండాలి.

హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. నెక్స్ట్‌క్లౌడ్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పాత కంప్యూటర్‌లో పెట్టుకుంటే మన సమాచారం మన ఇంట్లోనే ఉంటుంది. సొంతంగా తోట చేసుకునేవాడికి కాపలా తప్పనట్టే, మరమ్మతు, రెండో నకలు మన బాధ్యతే.

అయితే అవ్వ పాడిన పాట నా కంప్యూటర్‌లో ఉన్నంత మాత్రాన నాదవుతుందా? కాదు. తీసెయ్యమని ఆమె అంటే తీసెయ్యాలి. లేకుంటే కంపెనీకీ నాకూ తేడా లేదు.