గట్టు మీది చెట్టు

అమెరికాలో మన తెలుగు ప్రార్థన కూటాల్లో ముందు వినిపించే విన్నపాలు మూడే: వీసా, ఉద్యోగం, పిల్లల చదువు. ఏ దేశంవాళ్లకైనా ఏడాదికిచ్చే ఉద్యోగ, కుటుంబ కోటా గ్రీన్‌కార్డుల్లో 7 శాతం దాటకూడదన్న అమెరికా చట్టం వల్ల మనవాళ్లు ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డారు. అడగడంలో తప్పేం లేదు. కాకపోతే కార్డు చేతికొచ్చిన రోజు కలిగే నిశ్చింతనే దేవుడిచ్చే శాంతి అనుకుంటే, ఆఫీసులో కోతల కబురు రాగానే అది కాస్తా పోతుంది.

పరిస్థితి మారినా మారకపోయినా పోని శాంతి వేరే ఉంది. మన పాత కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్యగారని ఒకాయన ఉండేవారు. మాల కుటుంబం. విగ్రహాల్లో దేవుడు లేడని మనసుకు తోచి పూజలు మానేశారు. మరి దేవుడెవరు? చెప్పేవాళ్లు లేరు. పేరైనా తెలియని ఆ దేవుణ్ణే, నువ్వెవరో తెలియజేయమని ఏళ్లపాటు వేడుకున్నారు. చివరకు బెజవాడలో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన డార్లింగ్ దొర నోట యేసు సంగతి విన్నారు. 1859లో బాప్తిస్మం పొందారు. దాంతో ఆయన వాడ ఊళ్లోకి జరగలేదు, అంటరానితనమూ పోలేదు. అయినా ఊరూరా యేసు సంగతి చెప్పారు. ఆ జిల్లా మాలపల్లెల్లో ఎన్నో సంఘాలకు మూలం ఆయనే.

రోమా పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు చెప్పేదీ పరిస్థితుల మీద ఆధారపడని ఈ శాంతి గురించే. దేవునితో మన వైరం క్రీస్తు మరణంతో తీరింది. అది మన మంచితనానికి దక్కిన కూలి కాదు, ఉచితంగా వచ్చింది. అదే అధ్యాయంలో పౌలు మనకు కలిగే శ్రమల ప్రస్తావనా తెస్తాడు. నమ్మినవాళ్లకు కష్టాలుండవని ఆయన ఎక్కడా అనలేదు (మన సభల్లో కొందరు అంటారనుకోండి).

దేవునితో వైరం తీరినా, అన్నదమ్ములతో మాత్రం మనకు తీరదు. మా జి. కొండూరు వైపు మామిడి తోటల్లో గట్టు తగాదాలు మామూలే. గట్టు మీది చెట్టు అన్నదా, తమ్ముడిదా? ఇప్పుడు తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, అంతే తేడా. ఆదివారం ఆరాధనలో చేతులెత్తి పాడి, కారెక్కగానే ఊళ్లో సర్వేయరుకు ఫోను కలిపేవాళ్లు మనలో లేరా? సహోదరుడికి మన మీద ఏదైనా కోపం ఉంటే కానుకను బలిపీఠం ముందే వదిలి వెళ్లి రాజీపడమని కొండమీది ప్రసంగంలో యేసు చెప్పాడు. దేవుడే ముందుగా మనతో రాజీకి వచ్చాడని నమ్మినవాడికి అన్న గడప తొక్కడం నామోషీ కాకూడదు.

వేసవి సెలవులకు ఊరికి వెళ్లేవాళ్లు సంఘానికి కానుక కవరు ఇవ్వకముందే ఆ అన్న ఇంటికి వెళ్లిరండి. గట్టు మీది చెట్టు కాయలు ఆయన్నే కోసుకోమనండి. చిన్నరసాలైతే మాత్రం ఓ బుట్టెడు అడగండి, అన్నే కదా.