ఆయమ్మను పంపేటప్పుడు

హన్మకొండలోనో, కాజీపేటలోనో ఈపాటికి ఏదో ఇంటి తలుపు తట్టి ఉంటుంది, పిల్లను చూసుకునే ఆయమ్మ. ఆమెకూ ఇంటివాళ్లకూ కొన్నాళ్లుగా పొసగడం లేదనుకోండి. రేపటి నుంచి రావద్దని ఫోన్‌లో ఒక్కమాట చెప్పి తెంచేసుకోవడమేనా?

ఇంటిపనివారికంటూ దేశంలో సమగ్ర చట్టం లేదు. దాని సంగతి చూడమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. పని మాన్పించే షరతులు, గడువు ముందే తెలియాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 ఒప్పందాన్ని భారత్ ధ్రువీకరించనేలేదు.

కాబట్టి న్యాయం మన గడప లోపలే జరగాలి. నెల ముందు చెప్పండి. కుదరకపోతే ఆ నెల జీతం చేతిలో పెట్టండి. బతుకమ్మకు పెట్టిన చీరను బాకీలో పట్టుకోవద్దు. కారణం ఆమెకే చెప్పండి, అపార్ట్‌మెంటంతా కాదు. పోతుంటే సంచి వెతకడం ఎంత అవమానం! పిల్లమీద చెయ్యి చేసుకుంటే మాత్రం ఆ రోజే మాన్పించండి. అయినా చేసిన రోజుల జీతం ఆమెదే.

అన్నిటికన్నా నాకు ఆ పిల్ల గుర్తొస్తుంది. రేపు పొద్దున ఆయమ్మ ఏదని అడిగేది తనే. పోయేముందు ఒక్కసారి ఎత్తుకోనివ్వండి, పిల్లను చెయ్యి ఊపనివ్వండి.