రాయించే ముందు మాట్లాడించు

తెనాలి,
ఆషాఢ మాసం.

చి.ల.సౌ. అమ్మడికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.  

మొన్న ఫోనులో నువ్వన్న మాటలు నన్ను వదలడం లేదు. పక్క ఫ్లాటు పిల్లాడు మూడేళ్లకే ఏబీసీడీలూ అచ్చులూ గడగడా అప్పజెబుతున్నాడనీ, మన పాప పెన్సిల్ చేతికిస్తే విసిరికొడుతోందనీ, శ్రీపంచమికి బాసర తీసుకెళ్లి అక్షరాభ్యాసం చేయించినా ఇంతవరకూ ఒక్క ‘అ’ కూడా రాలేదనీ బాధపడ్డావు. ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటే నీ బెంగ తీరదు. నా ఉద్యోగమంతా ఒకటో తరగతి పిల్లలతోనే గడిచింది కనుక తీరిగ్గా రాస్తున్నాను. ఓపిగ్గా చదువు. చదివాక ఇంట్లో అందరికీ చదివి వినిపించు.

ముందు ఆ బాసర సంగతే చూద్దాం. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. పళ్లెంలో బియ్యం పోశారు. పెద్దవాళ్ల చెయ్యి పాప చేతిని పట్టి రాయించింది. గీత వంకర పోయిందని అక్కడ ఎవరూ కోప్పడలేదు. చదువు ఎలా మొదలు కావాలో మన పెద్దలు ఆ తంతులోనే చూపించారు. ఇంటికి రాగానే అదంతా మరిచిపోయి, పిల్లను కుర్చీలో కూలేసి, పేజీ నిండే దాకా లేవకూడదని హుకుం వేస్తున్నాం. అక్షరాభ్యాసం అయిందంటే రాత వచ్చి తీరాలని కాదు తల్లీ. పిల్లకు చదువును పరిచయం చేసే బాధ్యత ఇంటిల్లిపాదీ నెత్తికెత్తుకున్నారని.

ఒకటో తరగతిలోకి వచ్చే పిల్లల్ని చూస్తూ చూస్తూ నాకొకటి అర్థమైంది. అక్షరమాల మొత్తం నోటికి వచ్చిన పిల్ల ‘వల’ అని కూడబలుక్కుని చదివి, వలంటే ఏమిటో తెలియక బిక్కమొహం వేసేది. అక్షరం ఒక్కటీ రాకపోయినా ఇంట్లో కథలు విని, చూసింది చూసినట్టు చెప్పగల పిల్ల దసరా సెలవులు దాటేసరికి చదువులో దూసుకుపోయేది. దమ్ము చేయని మడిలో నారు నాటుకోదు. మాటలు లేని బుర్రలో అక్షరమూ అంతే. అందుకే నీకు ముందుగా చెప్పేది ఇది: రాయించే ముందు మాట్లాడించు.

మాట్లాడించడమంటే పాఠం చెప్పడం కాదు. పాపకు నీళ్లు పోసేటప్పుడు, కూర తరిగేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు చేస్తున్న పనిని నోటితో చెబుతుండు. పాప ఒక్క మాటంటే దానికి రెండు కలిపి తిరిగి అను. ‘కుక్క’ అంటే ‘అవును, నల్ల కుక్క, నిద్రపోతోంది’ అను. ‘ఎందుకు నిద్రపోతోంది?’ అని అడిగిందా, విసుక్కోకు. పని ఆపి జవాబు చెప్పు.

తెలుగు రాతలో ఒక సౌలభ్యం ఉంది. నోట ఒక్క విడతలో పలికేదాన్ని సాధారణంగా ఒక్క అక్షరంగా రాస్తాం. ‘మామిడి’ అంటూ చప్పట్లు కొడితే మూడు పడతాయి, అక్షరాలూ మూడే. ‘చెట్టు’లో వత్తు ఉన్నా చప్పట్లు రెండే. ‘పంట’లో సున్నా ఉన్నా రెండే. పాప పేరుకీ, నానమ్మ పేరుకీ, వీధిలో ఆవుకీ చప్పట్లు కొట్టించు. కొన్నాళ్లు పోయాక గొలుసు మాటలు ఆడండి: పలక, కల, లత, తల. చెవికి మాటను ముక్కలుగా వినడం అలవాటైతే, రేపు గుణింతాలూ వత్తులూ వచ్చినప్పుడు పాప తడబడదు. ఈ ఆటకు పలకా అక్కర్లేదు, పెన్సిలూ అక్కర్లేదు.

ఇక పుస్తకం. రాత్రి పడుకునే ముందు పావుగంట చాలు, కానీ రోజూ ఉండాలి. పాపను పక్కన కూర్చోబెట్టుకో. పుస్తకం ఇద్దరి ఒళ్లో సగం సగం ఉండాలి. పేజీలు పాపనే తిప్పనివ్వు. ఒకేసారి రెండు తిప్పితే తిప్పనీ. చదివే మాట కింద నీ వేలు నడిపించు. గీతలు ఎడమ నుంచి కుడికి పోతాయనీ, వాటిలోంచే అమ్మ నోటికి కథ వస్తోందనీ ఆ వేలును చూస్తూ తనే గ్రహిస్తుంది. బొమ్మ దగ్గర ఆగు. ‘ఇప్పుడీ పిల్లి ఏం చేస్తుందంటావ్?’ అని అడిగి, జవాబు వచ్చే దాకా ఆగు. పిల్లలకు ఆలోచించడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. చదివిన కథే మళ్లీ చదవమంటే మళ్లీ చదువు. విన్న కథను విన్నప్పుడల్లా పిల్లలు కొత్తది పట్టుకుంటారు. ‘ఇదేం అక్షరం? అదేం అక్షరం?’ అని మాత్రం పరీక్ష పెట్టకు. పుస్తకం తెరవగానే పరీక్ష గుర్తొస్తే పిల్ల పుస్తకం చూసి పారిపోతుంది.

గిజుభాయి బధేకా అని గుజరాత్‌లో ఒక మహానుభావుడు. 1920లో భావనగర్‌లో బాలమందిరం నడపడం మొదలుపెట్టాడు. ఆయన రాసిన ‘దివాస్వప్న’లో కొత్త మాస్టారు పిల్లల్ని పాఠంతో కాదు, కథతో దగ్గరికి తీసుకుంటాడు. అల్లరి పిల్లలు కథ కోసం చెవులు రిక్కిస్తారు, ఆ కథల మీదుగానే పుస్తకాల దగ్గరికి వస్తారు. ఆ పుస్తకం తెలుగులోనూ వచ్చింది. నువ్వూ అల్లుడుగారూ తప్పక చదవండి.

పెన్సిల్ గురించి ఎక్కువ దిగులు పడకు. మూడేళ్ల పిల్లకు మణికట్టు ఎముకలే ఇంకా పూర్తిగా ఏర్పడవు. ముందు వేళ్లకు బలం రావాలి. బఠాణీలు ఒలిపించు, చపాతీ పిండిలో ఒక ముద్ద చేతికివ్వు, పూసలు గుచ్చనివ్వు, వాకిట్లో ముగ్గుపిండితో చుక్కలు పెట్టనివ్వు. మన అక్షరాలు దాదాపు అన్నీ గుండ్రనివే. మెలికల ముగ్గు వేసిన చేతికి ‘ల’ చుట్టడం కష్టం కాదు. సుద్దముక్కతో నేల మీద పిచ్చిగీతలు గీస్తే చెరిపేయకు. ‘ఏం రాశావమ్మా?’ అని అడుగు. ‘నాన్నకు ఉత్తరం’ అంటే, ఆ మాటలే పక్కన నువ్వు రాసి చదివి వినిపించు. తను అన్నది రాతలోకి వస్తుందని తెలిసిన పిల్ల రాయడానికి తనే ముందుకొస్తుంది.

ఇప్పుడు కాస్త కటువైన మాట చెబుతాను, ఏమీ అనుకోకు. మీ అత్తగారికి చదువు రాదనీ, ఆవిడ మాట పాపకు పట్టుబడుతోందనీ నసిగావు. అమ్మడూ, ఆవిడ మీ ఇంట్లో ఉండడం పాప అదృష్టం. ఆవిడకు ఎన్ని కథలొచ్చు, ఎన్ని పొడుపు కథలొచ్చు! బొమ్మల పుస్తకం చేతికిచ్చి చూడు, అక్షరంతో పనిలేకుండా బొమ్మ చూసి కథ అల్లుతుంది. నువ్వు ‘దారి’ అంటే ఆవిడ ‘తొవ్వ’ అంటుంది, నువ్వు ‘జాగ్రత్త’ అంటే ఆవిడ ‘పైలం’ అంటుంది. పాపకు రెండూ వస్తే మేలే కదా. పాప ఎదుట ఆవిడ మాట దిద్దకు. నానమ్మ తక్కువదని పిల్లకు నేర్పాక ఎన్ని అక్షరాలు నేర్పి ఏం లాభం? గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టారు. పిల్ల మాటను గౌరవించకుండా పిల్లకు చదువు చెప్పలేమని ఆయనకు తెలుసు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ గౌరవం మన ఇంట్లో కూడా కనబడాలి.

బడిలో ఇంగ్లీషు మీడియం కదా అని ఇంట్లో తెలుగు తగ్గించకు. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన సాగాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. ఒక భాషలో కథను పట్టుకోవడం తెలిసిన పిల్లకు రెండో భాష బరువు కాదు. ఫోను సంగతి కూడా చెప్పాలి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించేటప్పుడు ఫోను పక్కన పెట్టేయి. ముద్ద ముద్దకూ కథ చెప్పే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది.

పుస్తకాలకు పెద్ద ఖర్చేమీ లేదు. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, సికింద్రాబాదులో ‘మంచి పుస్తకం’ వాళ్లవి చూడు. ప్రథమ్ బుక్స్ వాళ్ల ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, వాటిని నువ్వే చదివి వినిపించు. మీ పేటలో శాఖా గ్రంథాలయం ఎక్కడుందో కనుక్కో. మీరు కట్టే ఆస్తిపన్నులోనే గ్రంథాలయ పన్నూ ఉంది. వారానికోసారి పాపను అక్కడికి తీసుకెళ్లు. పిల్లల పుస్తకాలు లేకపోతే తెప్పించమని అడుగు. ఎవరూ అడగకపోతే ఎవరు తెప్పిస్తారు?

చివరిగా ఒక్క మాట. మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూతురూ పాప ఈడుదే కదా. ఆ పిల్లను అంగన్‌వాడీలో చేర్చారో లేదో వాళ్లమ్మను అడుగు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు పరిచయం చేసే చోటది. వాళ్లు పనులు మానుకుని తిరగలేకపోతే నువ్వే తోడు వెళ్లి చేర్పించు. సాయంత్రం పాపకు కథ చదివేటప్పుడు ఆ పిల్లనూ పిలిచి పక్కన కూర్చోబెట్టుకో. ఒకరికి చదివే కథ ఇద్దరికి చదివినంత మాత్రాన తరిగిపోదు. నలుగురితో పంచుకునేదే చదువని పాపకు వేరే చెప్పనక్కర్లేదు, నిన్ను చూసే నేర్చుకుంటుంది. పక్కింటి పిల్లాడికి ఎన్ని అక్షరాలొచ్చాయో లెక్కపెట్టడం ఇవాళే మానెయ్. ఇద్దరికీ కథ చదివే పని రేపే మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ